ఉష కోరుకున్న చెడ్డ మాట

"ఏం చదువే తల్లీ నీది? చచ్చినవీ చినిగినవీ లెక్కపెట్టే చదువు!" అని ఉషని మొదట్లో నేను తెగ ఏడిపించేదాన్ని. ఇప్పుడు ఇంకెవరన్నా ఆ మాట అంటే వాళ్ళ మీదికి పోతా. నా నోటి సంగతి మా క్లినిక్‌లో అందరికీ తెలుసు. పేరేమో సుభాషిణి, మాటేమో మిరపకాయ బజ్జీ అంటాడు మా ఆయన.

నాది కోవూరు. రోజూ స్కూటీ మీద పెన్న దాటి నెల్లూరుకి వస్తా. హరినాథ్ సార్ అని మనసు జబ్బుల డాక్టరు, ఆయన క్లినిక్‌లో ముందు బల్ల కాడ కూర్చుంటా. ఫోన్లు ఎత్తడం, టోకెన్లు ఇవ్వడం, పరీక్షల రిపోర్టులు టైపు చేయడం నా పని. లోపల గదిలో ఆ పరీక్షలు చేసేది ఉష. ఈ కథ దానిది. దానితోబాటు పోలేరయ్యది కూడా. "నా పేరు పెట్టే చెప్పు సుభాషిణమ్మా, నాలాగా ఇంకొకడు మింగుకోని కూర్చోకూడదు" అని ఆయనే అన్నాడు కాబట్టి చెప్తున్నా. లేకపోతే క్లినిక్ మాట గడప దాటించే మనిషిని కాదు నేను.

ఉషది ఇందుకూరుపేట మండలంలో సముద్రం ఒడ్డున ఒక పట్టపుపాలెం, అంటే చేపలవాళ్ళ ఊరు. నాయన చేపల వేటకి పోతాడు, అమ్మ గంప ఎత్తుకోని నెల్లూరు వీధుల్లో అమ్ముతుంది. ఆ పాలెంలో మనసు గురించి చదివిన మొదటి పిల్ల ఇదే. మద్రాసులో చదువు ముగించుకోని, అక్కడే ఉద్యోగం ఇస్తామంటే ఒద్దని బస్సెక్కి వచ్చేసింది. ఎందుకే అంటే, "అక్కడ చేపలు బాగుండవక్కా" అన్నింది. చూడటానికి బెత్తెడు మనిషి. నడవదు, పరిగెత్తుతుంది. అబద్ధం చెప్పాలంటే దానికి చెమటలు పడతాయి.

అది చేసే పరీక్ష ఏందో చెప్పకపోతే మీకు కథ ఎక్కదు. కాగితం మీద సిరా పోసి మడిచి విప్పితే రెండు పక్కలా ఒకే మాదిరి మరక పడుతుంది చూడండి, చిన్నప్పుడు మనమందరం చేసినాం. అట్లాంటి మరకల కార్డులు పది ఉంటాయి. ఒక్కోటి చేతికిచ్చి "ఇది ఏమై ఉండొచ్చు?" అని అడగాలి. అంతే! ఇంకో ముక్క కలపకూడదు. అవతలి మనిషి గబ్బిలం అన్నా, గంగమ్మ జాతర అన్నా, అక్షరం పోకుండా రాసుకోవాలి. తర్వాత ఆ జవాబులకి గుర్తులు వేస్తారు. రంగు చూసి చెప్పినాడా, ఆకారం చూసి చెప్పినాడా, కదిలేదాన్ని చూసినాడా, ఇట్లా చానా ఉంటాయి. అందులో ఒక గుర్తు పేరు మార్బిడ్. చూసిన వస్తువు చచ్చిందో, విరిగిందో, చినిగిందో, కుళ్ళిందో అయితే ఆ గుర్తు పడుతుంది. "ఏడుస్తున్న చెట్టు" అని దిగులు అంటగట్టినా పడుతుంది. మా బల్ల కాడ మేం దానికి పెట్టుకున్న పేరు చెడ్డ మాట. ఇవి మరీ ఎక్కువైతే ఆ మనిషి లోపల తనని తాను పాడైపోయిన వస్తువులాగా చూసుకుంటున్నాడేమో అని డాక్టరు జాగ్రత్త పడతాడు.

ఉష చేరిన కొత్తలో ఎండుచేపలు అమ్మే ఒకామె ఒక కార్డు చూసి "పొట్ట చీల్చి ఉప్పు పట్టించిన వంజరం" అన్నింది. ఉష చెడ్డ గుర్తు వేయలేదు. సార్ వేసినాడు. అబ్బబ్బబ్బ, ఆ రోజు జరిగిన రగడ! "ఎండుచేప చెడిపోయింది ఎట్లవుతుంది సార్? చెడిపోకుండా ఉండటానికే గదా ఎండబెట్టేది!" అని ఇది బల్ల గుద్దింది. సార్ నిదానస్తుడు. "అది ఆమెకి అన్నమని కింద రాయమ్మా, నేను చదువుతా. గుర్తు మాత్రం అందరికీ ఒకటే. మనూరోళ్ళకొకటి, పరాయూరోళ్ళకొకటి వేస్తే ఇంక లెక్కెందుకు?" అన్నాడు. ఉష ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "సార్ చెప్పిందే కరెక్టక్కా. ముందు ఉన్నదున్నట్టు వేయాలి, అర్థం తర్వాత చూసుకోవాలి" అన్నింది. మొండిదే గానీ, తప్పనిపిస్తే ఒప్పుకోడానికి ఒక్క రాత్రి చాలు దానికి.

ఇంక పోలేరయ్య. ఆయనది ఉష వాళ్ళ పాలెమే. దానికి వరసకి మామ. ఫైబర్ బోటు నడుపుతాడు, నడపడంలో చెయ్యి తిరిగినవాడు. కార్తీకంలో ఒక రోజు తెల్లారి ఆయనా, తమ్ముడు శివా వేట నుంచి తిరిగొస్తుంటే, ఒడ్డు కనపడే దూరంలో, అలలు విరిగే చోట బోటు తిరగబడింది. పోలేరయ్య ఈదుకుంటూ ఒడ్డుకి పడినాడు. శివ శవం తర్వాత మైపాడు అవతల కొట్టుకొచ్చింది.

అప్పట్నుంచి పోలేరయ్యకి నిద్ర లేదు, మాట లేదు. ఒకరోజు బట్టలతోనే సముద్రంలోకి గొంతు లోతుకి నడుచుకుంటూ పోయినాడు. జనం ఈడ్చుకొచ్చినారు. "స్నానానికి పోయినా" అన్నాడంట! వాళ్ళ పాలెంలో కాపులని పెద్దమనుషులు ఉంటారు, వాళ్ళు చెప్పిందే చట్టం. వాళ్ళు వేసే కట్టడిని దురాయి అంటారు. పెద్దకాపు జయరామయ్య ఆ రోజే దురాయి వేసినాడు. డాక్టరు బాగైంది అని చెప్పేదాకా పోలేరయ్యని ఎవరూ పడవ ఎక్కించకూడదు. ఆ విధంగా ఆయన మా క్లినిక్‌కి వచ్చినాడు, పెళ్ళాం కామాక్షమ్మ చెయ్యి పట్టుకోని.

సార్ మందులిచ్చినాడు. కొన్నాళ్ళకి కామాక్షమ్మ మొహం విచ్చుకుంది. "తింటున్నాడు సార్, నవ్వుతున్నాడు, అందరితో మాట్లాడుతున్నాడు. పడవ, పడవ అని ఒకటే కలవరింత" అన్నింది. పోలేరయ్య కూడా అదే చెప్పినాడు. నిద్ర పడుతోందా అంటే పడుతోంది. దిగులుగా ఉందా అంటే లేదు. ప్రశ్నల కాగితాలన్నీ చక్కగా వచ్చినాయి. సరే, మరకల పరీక్ష కూడా చేద్దామన్నాడు సార్. బాగా తెలిసినవాళ్ళకి ఉష చేయకూడదు, ఆ మాట సార్ కూడా అన్నాడు. కానీ పోలేరయ్య ఇంకెవరి ముందరా కూర్చోనంటాడు. "మా పిల్లయితేనే" అంటాడు. సరేలెమ్మని ఒప్పుకున్నాడు సార్.

పరీక్ష రోజు పోలేరయ్యని మీరు చూడాల్సింది! తలంటుకోని, కొత్త లుంగీ కట్టుకోని, గంగమ్మ గుడికి పోయి ఇంత కుంకం బొట్టు పెట్టుకోని పెళ్ళికొడుకులాగా వచ్చినాడు. ఉష మొహం చాటంతైంది. లోపలికి తీసుకుపోయి తలుపేసింది.

జవాబులు టైపు చేసింది నేనే. చేస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. మొదటి కార్డులో గరుడపక్షి రెక్కలు విప్పింది. ఇంకోదాంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి పొంగలి పొంగిస్తున్నారు. ఒకదాంట్లో వల నిండా చేపలు. ఇంకోదాంట్లో పూలదండలేసిన కొత్త పడవ. ఆఖరి కార్డులో తిరునాళ్ళే తిరునాళ్ళు. చచ్చింది లేదు, విరిగింది లేదు, చినిగింది లేదు. చెడ్డ మాటలు సున్నా!

"ఉషా! మీ మామ గెలిచేసినాడే!" అని నేను కేకేస్తే, అది పరిగెత్తుకోనొచ్చి నన్ను వాటేసుకోని గిరగిరా తిప్పింది. సందు చివర బజ్జీలు తెప్పించి వెయిటింగు హాల్లో అందరికీ పంచినాం. సార్ మాత్రం నవ్వలేదు. "సున్నా అంటే బాగున్నాడని కాదమ్మా. బాగలేడని చెప్పేదేమీ మన కంట పడలేదని" అన్నాడు. కాయితాలన్నీ మళ్ళీ తిరగేసినాడు. అన్నీ ఒక మాటే చెప్తున్నాయి. కాపులకి చీటీ రాసిచ్చినాడు, నలుగురితో కలిసి దగ్గర వేటకి పోవచ్చు, నెలకొకసారి వచ్చి కనపడాలి అని.

తర్వాత రెండు మూడు రోజులకి, మధ్యాహ్నం మేమిద్దరం క్యారేజీలు విప్పుకోని కూర్చున్నాం. ఉష వాళ్ళమ్మ ఫోన్ చేసింది. చేతికి కూరంటి ఉంది కాబట్టి స్పీకరు పెట్టింది ఉష.

"ఉషా, పోలేరయ్య మామ ఈ పొద్దే పడవెక్కుతున్నాడే! ఒడ్డంతా తిరునాళ్ళలాగా ఉంది. నిన్ను ఎంత పొగుడుతున్నాడో తెలుసా? నువ్వు అట్ట చేతికిస్తా 'మంచి మాట మీద మొదలుపెట్టు మామా' అన్నావంట గదా. ఆ మాటతోనే నేను సముద్రంలోకి కాలు పెట్టినట్టైంది అంటున్నాడు. ఇంక చెడు ఎట్ల పలుకుతా, కంటికి ఏది కనపడినా నోటికి మంచే తెచ్చుకున్నా అని నలుగురికీ చెప్తున్నాడు. బంగారు తల్లివే!"

ఉష చేతిలో అన్నం ముద్ద కింద పడింది.

"ఏమైందే?" అన్నా నేను.

"అక్కా, నేను చెడగొట్టినా" అన్నింది.

నాకు అర్థమయ్యేలోగా అది లేచి సార్ గదిలోకి పోయింది. వెనకే నేనూ. అక్కడ అది చెప్పింది ఇదీ. వాళ్ళ పాలెంలో మగవాడు తలంటుకోని బొట్టు పెట్టుకోని వేటకి బయలుదేరినాడంటే, పడవ దిగి ఇంటికొచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ చెడు పలకరు. చావు అనరు, మునిగింది అనరు, చిరిగింది, విరిగింది అనరు. బయలుదేరేవాడికి ఇంటి ఆడపిల్ల చెప్పే మాట ఒకటుంది, "మంచి మాట మీద పోయిరా" అని. చిన్నప్పట్నుంచి ఉష వాళ్ళ నాయనకి రోజూ చెప్పిందే. ఆ రోజు పోలేరయ్య బొట్టూ, కొత్త లుంగీ చూసేసరికి ఆ మాట దాని నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. అన్నట్టు కూడా దానికి తెలియదు! ఊపిరి రాసుకోము గదా, అట్లా దాన్నీ రాసుకోలేదు.

"ఆయన పరీక్షకి కూర్చోలేదు సార్, పడవెక్కి కూర్చున్నాడు" అన్నింది ఉష. "కార్డుల్లో ఏం కనపడిందో మనకి తెలియనే తెలియదు. ప్రశ్నల కాగితాల్ని కూడా ఇంక నమ్మలేము. చెడ్డ మాటకి నేనే తలుపేసినా. సున్నా ఆయనది కాదు సార్, నాది."

సార్ కుర్చీలోంచి లేచినాడు. "ముందు పడవ ఆపండి. తిట్లూ సంజాయిషీలూ తర్వాత" అన్నాడు.

పోలేరయ్యకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగింది. కామాక్షమ్మదీ అంతే. ఉష వాళ్ళమ్మని పోయి ఆపమంటే ఆమె గగ్గోలు పెట్టింది. "బయలుదేరే పడవకి అడ్డం పొమ్మంటావా? నన్ను పాలెంలో ఉండనిస్తారా?" అని ఫోన్ పెట్టేసింది. లోపల ఒక పేషెంటు పరిస్థితి బాగలేదు, సార్ వెంటనే కదల్లేడు. "మీరు పోండి, నేను కారులో వెనకాలే వస్తా" అన్నాడు. నేను స్కూటీ తాళాలు లాక్కున్నా.

నా జన్మలో అంత స్పీడు పోలేదు! ఉష వెనక కూర్చోని నా నడుం పట్టుకోని "పోనీ అక్కా, పోనీ" అని ఒకటే అరుపు. "పోనిస్తున్నా గదే, రెక్కలు కట్టమంటావా?" అని నేను. ఇందుకూరుపేట దాటినాక రొయ్యల గుంటల పక్కన రోడ్డు సన్నం. ముందర ఐసు లారీ ఒకటి నీళ్ళు కార్చుకుంటా నింపాదిగా పోతోంది. హారన్ కొట్టి కొట్టి నా బొటనవేలు నొప్పెట్టింది. వాడు దారి ఇవ్వడు. నేను పక్కకి పోయి డ్రైవర్ని తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పకూడదు. ఆ దెబ్బకి లారీని చెట్ల కిందికి దించేసినాడు పాపం.

ఇసక మొదలైన కాడ స్కూటీ కూరుకుపోయింది. దాన్ని అట్లే పడేసి పరిగెత్తినాం. ఒడ్డున పడవ, పడవ ముక్కుకి పసుపు, కుంకం, బంతిపూల దండ. కర్పూరం ఇంకా మండుతోంది. పోలేరయ్య లోపల నిలబడి ఇంజను మీద చెయ్యేసినాడు. మగవాళ్ళు భుజాలు ఆనించి నెడుతున్నారు. నీళ్ళు అప్పటికే పడవ అడుగున తగులుతున్నాయి. కామాక్షమ్మ చేతులు జోడించి నిలబడుంది.

"మామా!" అని అరిచింది ఉష.

వెనక నుంచి పిలిచిందని అందరూ ఒక్కసారి తిరిగి చూసినారు. పోలేరయ్య తిరగలేదు. వేటకి పోయేవాడు తిరగకూడదు. ఉష చుట్టూ తిరిగి నీళ్ళల్లోకి దిగి, మోకాళ్ళ లోతులో పడవ ముక్కు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. బెత్తెడు పిల్ల, అంత పడవకి అడ్డం!

"ఏయ్ పిల్లా! చదువుకోని మతిపోయిందా? పక్కకి జరుగు!" అని జయరామయ్య గర్జించినాడు. ముసలాయన గొంతు అలల మోతని మించి వినపడింది.

ఉష ఆయన్ని చూడలేదు. "మామా, నేను పరీక్ష తప్పు చేసినా. మళ్ళీ చేయాలి, దిగు" అన్నింది.

"అంతా బాగుంది గదా పాపా" అన్నాడు పోలేరయ్య. నవ్వుతున్నాడు. అదేం నవ్వో, నేను కిందినుంచి చూస్తున్నా గదా, మాట అయిపోయినా ఆ నవ్వు అట్లే మొహం మీద ఉండిపోయింది.

"శివ ఏడి మామా?"

"గంగమ్మ తల్లి కాడికి పోయినాడు" అన్నాడు పోలేరయ్య.

"కాదు మామా. శివ చచ్చిపోయినాడు. ఈ నీళ్ళల్లోనే మునిగి చచ్చిపోయినాడు."

కదిలే పడవ ముందర, కర్పూరం ఆరకముందే, ఆ ఊరి ఆడపిల్ల నోటినుంచి ఆ మాట! కామాక్షమ్మ నీళ్ళల్లోకి ఒక్క దూకు దూకి ఉష చెంప ఛెళ్ళుమనిపించింది. "నీ నోరు పడిపోనూ! ఇంకో తలకాయ కూడా కావాలా నీకు?" అని జుట్టు పట్టుకుంది. నేను మధ్యలోకి పోయి ఊరుకుంటానా? ఆమె చెయ్యి విడిపించేసరికి నా చీర మొత్తం తడిసిపోయింది. ఉష మాత్రం పడవ మీద చేతులు తీయలేదు.

జయరామయ్య తువ్వాలు నేలకేసి కొట్టినాడు. "పాడు చేసింది! లాగండి వెనక్కి. ఈ పొద్దు పడవ పోదు. ఈ పిల్ల ఇంక పాలెంలో కాలు పెట్టకూడదు" అన్నాడు. మగవాళ్ళు తిట్టుకుంటా పడవని ఇసక మీదికి లాగినారు. పోలేరయ్య దిగి తాడు చేత్తో పట్టుకోని నిలబడినాడు. ఆ నవ్వు ఇప్పుడు లేదు.

"పెద్దాయనా, ఇంక ఈ పొద్దు పోయేది లేదా?" అని అడిగినాడు.

"యాడికి పోతావురా ఆ మాట పడినాక?"

"అయితే ఇప్పుడు అనొచ్చా?"

"ఏందిరా అనేది?"

"ఏదైనా."

పోలేరయ్య ఇసకలో కూలబడినాడు. తడిసిన జుట్టుతో నిలబడిన ఉషని చూసి, "ఉషమ్మా, ఆ మొదటి అట్టలో గరుడపక్షి లేదు" అన్నాడు. "చొక్కా. నీళ్ళల్లో ఉబ్బిన చొక్కా. మా శివది. చేతులు రెండూ చాచి బోర్లా ఉన్నాడు."

ఉష ఆయన ఎదురుగా కూర్చుంది. ఈసారి తన మాట ఒక్క ముక్క కలపలేదు.

"పొంగలి పొంగించే ఆడోళ్ళు కూడా లేరు. అది నేనూ వాడూ. తిరగబడిన బోటు అంచు పట్టుకోని అటొకడు, ఇటొకడు. వాడి మొహం పగిలి ఉంది. వల అన్నానే, వల మాత్రం ఉంది. చినిగిపోయిన వల. చేపలు లేవు. కొత్త పడవ యాడిది? ముక్కలు. ఆ రంగురంగుల దాంట్లో ఏమీ తిరునాళ్ళు లేదు పాపా. పీతలు. వాణ్ణి తింటున్నాయి."

ఒకటి, రెండు, మూడు, నాలుగు... నేను లోపల గుర్తులు వేసుకుంటున్నా! ఛీ, ఏం బుద్ధే నాది అనుకున్నా, అయినా లెక్క ఆగలేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, గుండె మాత్రం ఎగిరెగిరి పడుతోంది. వస్తున్నాయి! మనిషి లోపలున్నవన్నీ బయటికి వస్తున్నాయి!

ఉషని కొట్టిన కామాక్షమ్మ ఎప్పుడు వచ్చి కూర్చుందో మొగుడి పక్కన కూర్చోనుంది. "ఇంకేముంది లోపల?" అన్నింది. "ఉన్నదంతా చెప్పు."

ఆయన తాడు వదిలేసినాడు. "నేను తిరిగొద్దామని ఎక్కలేదు కామాక్షీ. వాడొక్కడే ఉన్నాడు గదా అక్కడ. నిద్ర పడుతోందని అబద్ధం చెప్పినా. బాగున్నానంటేనే గదా పడవ ఎక్కిస్తారు."

అమ్మో, ఆ తర్వాత కామాక్షమ్మ ఏడ్చిన ఏడుపు! రెండు పిడికిళ్ళతో మొగుడి వీపు మీద గుద్దింది. "నేను మనిషిని కాదా? పాపిష్టోడా, నేనెవరితో ఉండేది?" అని గుద్ది గుద్ది, చివరికి అదే వీపుని కావిలించుకోని పడిపోయింది. పడవ నెట్టడానికి వచ్చిన మగవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళల్లో ఇద్దరు ఆ పొద్దు ఆయనతోబాటు అదే పడవెక్కాల్సినవాళ్ళు.

జయరామయ్య నేల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. అందరికీ వినపడేటట్టు చెప్పినాడు. "దురాయి అట్లే ఉంది. వీణ్ణి ఎవడూ పడవ ఎక్కించకూడదు. ఇంకొకటి కూడా వేస్తున్నా. వీణ్ణి ఎవడూ ఒంటిగా వదలకూడదు. వంతులేసుకోండి." ఉష పక్కకి తిరిగి, "నువ్వు లెయ్యి. చలి గాలి. పోయి మీ అమ్మ చీర కట్టుకో" అన్నాడు. పాలెంలోకి కాలు పెట్టొద్దన్న మాట అప్పుడే ఎగిరిపోయింది.

సార్ కారు ఇసక కాడ ఆగింది. వచ్చి ఆయన కూడా ఇసకలోనే కూర్చున్నాడు, ప్యాంటు తడిసేది కూడా చూసుకోలేదు. ఆ సాయంత్రమే పోలేరయ్యని నెల్లూరులో ఆస్పత్రిలో చేర్చినాం. కామాక్షమ్మ ముందు సీట్లో కూర్చోమంటే కూర్చోలేదు, మొగుడి చెయ్యి పట్టుకోని వెనకే కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు ఉష నా స్కూటీ వెనక వెక్కి వెక్కి ఏడ్చింది. "ఉద్యోగం పోతే పోయిందక్కా, నా మాటతో ఆయన పోయుంటే?" అన్నింది. పోలేదు గదే, పోలేదు గదే అని నేను దారి పొడుగునా అరుస్తానే ఉన్నా. ఉద్యోగమూ పోలేదు. "చీటీ మీద సంతకం నాది" అన్నాడు సార్. అప్పట్నుంచి ఎంత బతిమాలినా సరే, ఎవరి ఊరివాళ్ళకి వాళ్ళు పరీక్ష చేయకూడదని మా క్లినిక్‌లో గట్టి కట్టడి.

ఎండాకాలం వచ్చినాక పోలేరయ్యకి మళ్ళీ మరకల పరీక్ష పెట్టినారు. ఈసారి చేసింది ప్రత్యూష అని వెంకటాచలం నుంచి వచ్చే ఇంకో అమ్మాయి. గదిలోకి పోయేముందు పోలేరయ్యే నవ్వుతా అడిగినాడు, "అమ్మా, ఇది పడవ కాదు గదా?" అని. ఈ నవ్వు వచ్చింది, పోయింది, మామూలు నవ్వు.

ఉషకి లోపల పని లేదు. నా బల్ల పక్కన నిలబడి గోళ్ళు కొరుకుతోంది. జవాబుల కాయితాలు రాగానే నేను టైపు చేయడం మొదలుపెట్టినా. రెక్క విరిగిన పక్షి. చచ్చి ఒడ్డుకి పడిన తాబేలు. తడిసి చిరిగిపోయిన చొక్కా. మధ్యలో ఒకచోట ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నారు. మళ్ళీ ఒక కుళ్ళిన చేప.

"ఉషా! చెడ్డ మాటలే! వరసబెట్టి చెడ్డ మాటలు!" అని నేను కుర్చీలోంచి లేచి గంతేసినా. ఉష రెండు చేతులతో నోరు మూసుకోని కిందికీ పైకీ ఎగిరింది. వెయిటింగు హాల్లో అందరూ మా ఇద్దరికీ పిచ్చెక్కిందనుకున్నారు. సార్ బయటికొచ్చి కాయితం చూసి, "ఇన్ని ఉన్నాయంటే బాధ ఇంకా ఉందమ్మా. మందులు ఆపేది లేదు, పడవ ఇప్పుడే లేదు" అన్నాడు. అని, ఆయన కూడా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బెంచీ మీద కామాక్షమ్మ బిత్తరపోయి చూస్తోంది. "ఏం సంతోషం పాపా అంత?" అని అడిగింది.

ఉష పోయి ఆమె పక్కన కూర్చోని చెయ్యి పట్టుకుంది. "మామ ఈసారి కనపడిందే చెప్పినాడత్తా" అన్నింది.

"ఇంట్లో కూడా చెప్తున్నాడు" అన్నింది కామాక్షమ్మ. "నిన్న శివ పేరు ఎత్తి ఒకటే ఏడుపు. ఏడ్చి ఏడ్చి నా ఒళ్ళో తలపెట్టి నిద్రపోయినాడు. కాళ్ళు రెండూ తిమ్మిరెక్కినాయి పాపా, అయినా తెల్లారేదాకా నేను కదల్లేదు."